లాభం, రెండు, మూడు

ఈ మధ్యాహ్నం గోపాలపూర్ రేవు దగ్గర మా మరమ్మతు గదిలో ఉన్నవాళ్లం ఇద్దరం: నేను, నా తోటి ఉద్యోగి ప్రదీప్. ఉన్న వస్తువులు: విప్పి పెట్టిన మూడు ప్రెషర్ మీటర్లు, టీ ఫ్లాస్కు, కాగితం పొట్లంలో మరమరాలు. ప్రదీప్ పొట్లం విప్పగానే వేడి ఇసుకలో బియ్యం వేగిన వాసన గదంతా పరచుకుంది. నేను ఒక్క గింజ కూడా నోట్లో వేసుకోలేకపోయాను. ఆ వాసన నాకు నరసమ్మత్తది. ఆమె గుర్తొస్తే ఇప్పటికీ దుఃఖం కంటే ముందు కోపం వస్తుంది.

నరసమ్మత్త ఒడిశాలోని బరంపురంలో, హల్దియాపదర్ పేటలో మా పక్కింటి ఆవిడ. రక్తసంబంధం లేదు, వరసకు అత్త. భర్త పోయాక మరమరాల దుకాణాన్ని ఒక్కతే నడిపింది. మా వైపు పాత వర్తకులు కొలిచేటప్పుడు మొదటి కొలతను ఒకటి అనరు, లాభం అంటారు. లాభం, రెండు, మూడు, అలా సాగుతుంది. ఆమె రోజంతా ఒడియాలో బేరాలాడేది. కొలత డబ్బా చేతికి రాగానే మాత్రం తనకు తెలియకుండానే ఈ తెలుగు లెక్కలోకి వచ్చేసేది.

డిప్లొమాలో చేరిన ఏడాది నాకు చదువు గర్వం తలకెక్కింది. ఒక సాయంత్రం ఆమె దుకాణంలో కూర్చుని ఉపన్యాసం మొదలుపెట్టాను. ఒకటికి వేరే పేరు పెట్టినంత మాత్రాన లాభం రాదని, అది మూఢనమ్మకమని.

“నేను నమ్ముతానని నీకెవులు సెప్పేర్రా?” అంది చేట తడుతూ. “మా అత్త నమ్మేది. నాకైతే నోరు అలగే ఎల్లిపోద్ది.”

“అలవాటే కదత్తా, మానుకోవచ్చు.”

“ఓహో. అయితే ఇంజినీరు బాబూ, ఈ బస్తాలో ఎన్ని కొలతలున్నాయో కొలిసెట్టు. మనసులోనే లెక్కెట్టుకో.”

కొలిచి పద్నాలుగు అన్నాను. ఆమె చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

“లెక్క బాగుంది గానీ నాన్నా, మొదటిదానికి నీ పెదాలు ఏటన్నాయో నేను సూసీసినాను.”

నా పెదాలు లాభం అన్నాయట. నాకు తెలియనే తెలియదు. మా నాన్న గుమాస్తా, మా ఇంట్లో కొలిచేదేమీ లేదు, ఎవరూ నేర్పలేదు. ఏళ్ల తరబడి గోడ అవతలి నుంచి వినబడిన గొంతు నాలో నేను ఎప్పుడూ తొంగిచూడని చోట కాపురం పెట్టింది. నేను ఎంచుకున్నవి కొన్నే, ఎంచుకోకుండా మోస్తున్నవి ఎన్నో అని ఆ రోజు సిగ్గుపడుతూ తెలుసుకున్నాను.

నాలుగేళ్ల తర్వాత ఆమెకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. మాట మాత్రం స్పష్టంగానే ఉంది. ఆమె అడిగింది ఒక్కటే, దుకాణానికి తిరిగి వెళ్లడం. “ఎడం సెయ్యుంది కదా, దాంతో కొలుస్తాను” అనేది. కొడుకు గోపీ బావ ఆ చోటును మొబైల్ షాపుకిచ్చేయాలని చూస్తున్నాడు. ఆమెకు మతి నిలకడగా లేదని డాక్టరు రాసిస్తే ఇక ఆమె మాట వినక్కర్లేదు.

గోపీ బావా నేనూ ఆమెను ఒక ప్రైవేటు క్లినిక్కుకు తీసుకెళ్లాం. చక్రాల కుర్చీ నేనే తోశాను. డాక్టరు కుర్రవాడు, ఒడియా ఆయన, తెలుగు అంకెల వరకు వచ్చు. ట్రేలో పది సీసా మూతలు పోసి లెక్కపెట్టమన్నాడు. నరసమ్మత్త ఎడమచేత్తో ఒక్కొక్కటే పక్కకు జరిపింది. “లాభం, రెండు, మూడు...” పది దాకా ఎక్కడా తడబడలేదు.

“ఒకటి ఏది?” అన్నాడు డాక్టరు.

“సెప్పినాను గదా బాబూ.”

మళ్లీ లెక్కపెట్టించాడు. మళ్లీ లాభం. ఆయన ఏదో రాసుకున్నాడు.

ఇది మావాళ్ల లెక్క, దుకాణాల్లో ఇలాగే కొలుస్తారని చెప్పాను. “ఇది దుకాణం కాదు” అన్నాడు తల ఎత్తకుండా. ఆయనకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. గోపీ బావకు తెలుసు. ఆ లెక్క వింటూ పెరిగాడు, ఆ మరమరాల మీదే చదువుకున్నాడు.

“బావా, నువ్వైనా చెప్పు.”

“నాకేటి తెల్దు. డాక్టరు కన్నా నీకెక్కువ తెలుసేటి? ఊరుకో.”

నరసమ్మత్త కొడుకు వైపు చూడలేదు. ట్రే వైపే చూస్తూ, “పదీ ఉన్నాయి కదరా, ఈళ్లకి ఏటి తక్కువయింది?” అని నన్నడిగింది.

నెల తిరక్కముందే దుకాణం బోర్డు మారింది. ఆమె మరో ఏడాదిన్నర బతికింది. ఒక్కనాడూ ఆ మెట్టు ఎక్కనివ్వలేదు.

మా పనిలో మీటరు తప్పు చూపిస్తోందని అనేముందు దాని సున్నా ఎక్కడుందో చూస్తాం. ఇనుప డబ్బాకు దక్కే ఆ మర్యాద నరసమ్మత్తకు దక్కలేదు. అందుకే నా కింద పనిచేసే ఎవరిదైనా తప్పని రాసేముందు, ఎలా చేశావో చూపించమని అడుగుతాను. ప్రదీప్‌కు అది చాదస్తం. కానివ్వండి.

ఆ వైద్యపత్రం నకలు నా దగ్గరుంది. లెక్కింపు అన్న గడిలో వేసిన మార్కు సున్నా. ట్రేలో ఉన్న మూతలు పది. ఆమె లెక్కపెట్టినవి పది.