మగ్గం చప్పుడు తగ్గలేదు

దయ్యాలంటే నాకు మొదటినుంచీ నమ్మకం లేదు. చిట్యాలలో ఆంప్లిఫయర్లు బాగుచేసే షాపు నాది. దయ్యం పట్టిందని జనం తెచ్చిన పెట్టెలు చాలానే విప్పాను. ఒకదాంట్లో బల్లి, ఇంకోదాంట్లో ఊడిన వైరు. అందుకే ఈ సంగతి చెప్పడానికి నాకే సిగ్గుగా ఉంది.

మా అక్క పోయి రెండేళ్లు. బావది రామన్నపేట, మగ్గం నేస్తాడు. నేను పని నేర్చుకునే రోజుల్లో, మైకు ఎలా పనిచేస్తుందో చూద్దామని వాళ్లింట్లో ఒక క్యాసెట్ రికార్డు చేశాను. అందులో బావ నేస్తుంటాడు. అక్క పక్కన నూలు కండెలు చుడుతూ ఆయన్ను ఆటపట్టిస్తుంటుంది. చివర్లో "ఇగ సాలు గనీ, లేచి బువ్వ తిను" అంటుంది. మగ్గం ఆగుతుంది. అక్క గొంతు మాకు మిగిలింది అందులోనే.

పోయిన ఎండాకాలం బావ ఆ క్యాసెట్ అడిగాడు. ఒక టేపు, ఒక రేడియో, రెండింటికీ కలిపి చప్పుడు పెంచే ప్రీయాంప్ పెట్టె ఒకటి పెట్టి ఇచ్చాను. రేడియో నుంచి టేపుకు మారినప్పుడు చప్పుడు ఉన్నట్టుండి ఎక్కువ తక్కువ కాకుండా లెవెల్ కుదిర్చే స్క్రూలు దాని వెనక ఉంటాయి. అక్క గొంతు ఎక్కుతూ దిగుతూ ఉంటుంది, మగ్గం దెబ్బ మాత్రం ఒక్కతీరుగా పడుతుంది. అందుకని పెట్టె ముందున్న మీటరు ముల్లును మగ్గం చప్పుడుకే కుదిర్చి, అద్దం మీద పెన్నుతో గీత పెట్టాను. అదే రోజు ఫోన్లోకీ ఒక కాపీ ఎక్కించుకున్నాను.

వారం తిరక్కుండా బావ ఫోన్ చేశాడు. "బామ్మర్దీ, మీ అక్క గొంతు సన్నగైతాంది. జర వచ్చి సూడు."

టేపు అరిగిందనుకుంటూ వెళ్లాను. ముల్లు నా గీత దగ్గరే ఆడుతోంది. మగ్గం వెంట్రుకంత కూడా తగ్గలేదు. అక్క మాత్రం పక్కింట్లోంచి మాట్లాడుతున్నట్టుంది. టేపు అరిగితే రెండూ అరగాలి కదా! క్యాసెట్‌ను చదివే హెడ్డు స్పిరిట్‌తో తుడిచాను. క్యాసెట్ షాపుకు తెచ్చి వేరే టేపులో వేశాను. అదే తంతు. మళ్లీ రామన్నపేట పోయి స్క్రూ తిప్పితే మగ్గం చెవులు పగిలేలా మోగింది. అక్క పెరగలేదు.

"మగ్గం నాకెందుకురా, ఇంట్ల ఉన్నదే గద. మీ అక్కను పెంచు," అన్నాడు బావ.

స్క్రూను మళ్లీ గీత దగ్గరికే తిప్పేశాను. ఇన్నేళ్లు నేర్చిన పని అక్కరకు రాలేదు.

ఇంటికొచ్చి ఫోన్లోని కాపీ పెట్టాను. అది అరిగేది కాదు. అందులోనూ అక్క అంతే తగ్గింది. అప్పుడు నాకు ఏడుపు ఆగలేదు.

నెల దాటేసరికి గొంతు పూర్తిగా పోయింది. తెలిసిన మెకానిక్‌కు వినిపిస్తే, "ఇండ్ల మగ్గం తప్ప ఏం లేదన్నా" అన్నాడు. మరి నేనూ బావా ఇన్నిసార్లు విన్నదేమిటి? మగ్గానికి కాకుండా అక్క గొంతుకే లెవెల్ పెట్టి ఉంటే నిలిచేదేమో అని నన్ను నేను తిట్టుకుంటాను. అర్థం లేని మాటని నాకూ తెలుసు. ఇప్పటికీ కారణం చెప్పలేను.

మొన్న మధ్యాహ్నం వెళ్లేసరికి బావ ఆ క్యాసెట్ పెట్టుకుని నేస్తున్నాడు. టేపులో మగ్గం ఆగింది. మాటేదీ వినపడలేదు. బావ తన మగ్గం కూడా ఆపి, కాళ్లు పెట్టుకునే మగ్గం గుంటలోంచి లేచి, చేతులు కడుక్కుని అన్నానికి కూర్చున్నాడు.