సామర్లకోట కాలువగట్టు మీద లచ్చమ్మ

సామర్లకోట స్టేషన్‌లో దిగేసరికి ఉదయం ఐదూ నలభై. అక్టోబరు నెల. సన్నగా వాన. భుజాన కిట్ బ్యాగు, చంకలో చుట్టిన పరుపు, జేబులో మూవ్‌మెంట్ ఆర్డరు. తొమ్మిదేళ్ళ సర్వీసులో సొంత జిల్లాకు పోస్టింగ్ రావడం అదే మొదటిసారి. మా ఊరు తుని దగ్గర, రైల్లో గంట ప్రయాణం. కొడుకు ఇక గండాలన్నీ గట్టెక్కినట్టేనని మా అమ్మ అనుకుంది. నేనూ అలాగే అనుకున్నాను.

ఊళ్ళో ఎవరు కలిసినా మంచుకొండల గురించి అడుగుతారు. అక్కడ రెండేళ్ళు చేశాను, కంచరగాడిదల మీద సరుకు మోయించాను. భయపడలేదని చెప్పను. కానీ పొద్దున్న లేవగానే పట్టుకునే భయం నాకు సామర్లకోటలోనే తెలిసింది. ఇది తొంభైల చివరి మాట. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారని.

కాలేజీ విద్యార్థులకు గుర్రపుస్వారీ నేర్పే చిన్న క్యాడెట్ దళం అది. ఊరి బయట కాలువగట్టు పక్కన పాత ధాన్యం గోదాము. అందులో ఆరు గుర్రాలు. నేను దఫేదార్‌ని. గుర్రాల దళంలో హవల్దార్‌ని అలా అంటారు. మాకు మేజరుగారొకరు ఉండేవారు కానీ ఆయన ఆఫీసు కాకినాడలో. గోదాములో నేనూ, గుర్రాల పని చూసే సైసూ.

సైసుకు అరవై దగ్గర పడ్డాయి. ముప్పై ఏళ్ళు రాజమండ్రి స్టేషన్ బయట జట్కా తోలాడు. ఆటోలొచ్చి జట్కాలు మూలపడ్డాక ఇక్కడ కుదిరాడు. నన్ను చూడగానే సెల్యూట్ కొట్టలేదు.

"ఏ వూరండి మనది?"

"తుని దగ్గర బాబాయ్."

"అయితే మనోళ్ళేనండి. టిఫిన్ చేశారా?"

ఆరు ఇడ్లీలు తినిపించాడు. ఏడోది వద్దంటే మొహం చిన్నబుచ్చుకున్నాడు. పెట్టి చంపడంలో మా గోదావరి వాళ్ళ తర్వాతే ఎవరైనా.

ఆరో గుర్రాన్ని చివరి గదిలో కట్టారు. ఎర్రటి ఆడగుర్రం. నాలుగేళ్ళ పిల్ల. మిలటరీ గుర్రాల డిపో నుంచి వచ్చి మూడు వారాలే. గిట్ట మీద నంబరు కాల్చి ఉంది. సైసు మాత్రం లచ్చమ్మ అని పిలిచేవాడు.

మర్నాడు ఆరున్నరకు జీను వేశాను. పొట్ట కింద జీను పటకా బిగిస్తుంటే కావాలని కడుపు ఉబ్బించింది. రికాబులో కాలు పెట్టి ఎక్కాను. పది అడుగులు బాగానే నడిచింది. పదకొండో అడుగులో ముందుకాళ్ళు గాల్లోకి లేపి నిటారుగా నిలబడింది. వెల్లకిలా కంకర మీద పడ్డాను. పడేసి పారిపోతుందనుకున్నాను. పారిపోలేదు. వెనక్కి తిరిగొచ్చి ముందుకాలితో కొట్టింది. దెబ్బ నా చెవి పక్కన నేలకు తగిలింది. లేచాక చూస్తే అక్కడ నాలుగు వేళ్ళ లోతు గుంట పడింది.

ఆ గుంట చూసినప్పుడే నా గుండె జారిపోయింది. మళ్ళీ దాని చోటికి అది రాలేదు.

ఇరవై రోజుల్లో ఐదుసార్లు పడ్డాను. మలుపు దగ్గర ఎగిరేది. కాలువలో బాతుల మంద కనబడితే కళ్ళెం పళ్ళ మధ్య కరిచిపట్టి లంకించుకునేది. దగ్గరికెళితే చెవులు వెనక్కి పెట్టి కొరికేది. నేను పైకి మేకపోతు గాంభీర్యం చూపించేవాణ్ణి. లోపల మాత్రం ఒకరోజు నాడా వదులైందనీ, ఒకరోజు జీను తోలు చిరిగిందనీ వంకలు వెతికేవాణ్ణి. బడి ఎగ్గొట్టే పిల్లాడికీ నాకూ తేడా లేదు.

నవంబరు మొదట్లో మేజరుగారు వచ్చారు. గుర్రాన్ని చూశారు, నా మోచేతి కట్టు చూశారు.

"దఫేదార్, జనవరిలో దీని మీద పిల్లలు ఎక్కాలి. భద్రమైన గుర్రం అని నువ్వు సంతకం పెట్టాలి."

"పెట్టలేకపోతే సర్?"

"బోర్డుకు రాస్తాను."

బోర్డంటే పనికిరాని జంతువుల్ని తేల్చే కమిటీ. ఆ రోజుల్లో దాని చివర తూటాయే. సంతకం పెట్టకపోతే లచ్చమ్మ చస్తుంది. ఉత్తినే పెడితే ఇంటర్ చదివే పిల్లెవరో మెడ విరిగి పడుతుంది. నా మనసులో మాట చెప్పాలంటే, పెట్టకుండా వదిలేస్తే నేను మళ్ళీ ఎక్కక్కర్లేదు. ఆ ఆలోచన వచ్చినందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

సిగ్గే నన్ను పనిలోకి దించింది. రోజూ ఎక్కేముందు పొడుగు తాడు కట్టి ఇరవై నిమిషాలు గుండ్రంగా తిప్పేవాణ్ణి. కుడికి పది, ఎడమకు పది. చెర్నాకోల చూపించడమే కానీ కొట్టేవాణ్ణి కాదు. గొంతు పెంచేవాణ్ణి కాదు. "పదమ్మా" అంటే నడవాలి, "ఆగు" అంటే ఆగాలి. మెల్లగా దారికొచ్చింది. వరసగా పదహారు రోజులు కిందపడలేదు. "పదమ్మా" అంటే ఒక చెవి వెనక్కి తిప్పి వినేది. అయినా నా భయం తగ్గలేదు. కళ్ళెం పట్టిన చేతిలో భయముంటే గుర్రం నోటికి తెలిసిపోతుంది. దానికి తెలుసని నాకూ తెలుసు.

ఇక దాణా సంగతి. గోడ మీద ఆర్డరు రాసి ఉంది: పని లేని రోజున దాణా సగం, రెండుపూటలా చేత్తో పట్టుకుని అరగంట నడిపించాలి. ఒకరోజు గోదాములోకి వెళితే ఉడికిన ఉలవలూ బెల్లం వాసన. సెలవు రోజైనా లచ్చమ్మ తొట్టి నిండా గుగ్గిళ్ళు.

"బాబాయ్, ఇలా మేపితే పొగరెక్కదా? ఆర్డరు చూశావుగా."

"అదేంటండి హవల్దారుగారూ! పని లేదని నోరులేని జీవికి కూడు కోసేత్తామా? నా జట్కా గుర్రాలకి ఒక్కరోజూ కడుపునిండా పెట్టలేకపోయానండి. ఇప్పుడు గవర్నమెంటోళ్ళు ఇత్తుంటే పెట్టొద్దంటారా?"

ఆర్డరంటే ఆర్డరే అని గొణిగి బయటికొచ్చాను. మళ్ళీ తొట్టి చూడలేదు.

డిసెంబరు మొదటి వారంలో వాయుగుండం పట్టింది. నాలుగు రోజులు ఒకటే వాన. గట్టు జారుడు. స్వారీ లేదు. గోదాము వసారాలో నడిపించవచ్చు. చేత్తో పట్టుకుని నడిపించడమంటే దాని పళ్ళకూ కాళ్ళకూ పక్కనే ఉండటం. పొద్దున్న లేవడం, వాన చూడటం, దండం పెట్టుకోవడం, మళ్ళీ ముసుగు తన్నడం. నాలుగు రోజులూ అదే పని. మూడోరోజు మేజరుగారు ఫోన్ చేశారు.

"గుర్రాల్ని నడిపిస్తున్నావా?"

"నడిపిస్తున్నాం సర్."

ఐదింటిని సైసు నడిపించాడు. లచ్చమ్మను నేను నడిపించాలి. నడిపించలేదు.

ఐదో రోజు తెరిపిచ్చింది. మేజరుగారు రేపొస్తారు, భద్రమైన గుర్రమన్న కాగితం సిద్ధంగా ఉండాలి. ఏడు గంటలకు లచ్చమ్మను బయటికి తెచ్చాను. నేల మీద కాలు నిలవకుండా తెగ గంతులేస్తోంది. తాడుతో తిప్పలేదు. మైదానమంతా బురద. తిన్నగా ఎక్కేశాను. గట్టు మీద పావుగంట దుడుకు నడక. ఎడమ పక్క కాలువ నిండా ఎర్రనీళ్ళు. కుడి పక్క చెరుకుతోట. హఠాత్తుగా ఆగిపోయింది.

మడమలతో పొడిచాను. కదల్లేదు. చల్లటి గాలి వీస్తోంది, అయినా దాని మెడ మీంచి చెమట ధారలుగా కారుతోంది. ఒళ్ళు కొయ్యలా బిగుసుకుంది. ఇప్పుడు లేస్తుంది, నన్ను కాలువలో పడేస్తుంది అనుకున్నాను. భయానికి సిగ్గు తోడైతే కోపమవుతుంది. చెర్నాకోల తీసి మొదటిసారి కొట్టాను. "పదమ్మా" అని అరిచాను.

లేవలేదు. ఒక అడుగు వేసింది. మళ్ళీ కొట్టాను. ఇంకో అడుగు. మళ్ళీ కొట్టాను. మూడో అడుగు వేసి వెనక కాళ్ళ మీద కూలబడిపోయింది.

దూకాను. దాని కింద బురదలోకి మూత్రం పారుతోంది. కాఫీ డికాషన్ రంగు. అప్పుడు గుర్తొచ్చింది, ట్రైనింగ్‌లో మొదటి నెలలోనే చెప్పిన పాఠం. నిండా తిని, కదలకుండా నిలబడి, ఒక్కసారిగా పనిలోకి దిగిన గుర్రానికి తుంటి కండరాలు రాయిలా బిగుస్తాయి, మూత్రం నల్లబడుతుంది. అలా ఆగిపోతే ఒక్క అడుగు కూడా నడిపించకూడదు.

కబురందుకుని ముందు సైసు, తొమ్మిదింటికి స్కూటర్ మీద పశువుల డాక్టరుగారు వచ్చారు. సూదులు వేశారు, చెరుకు గెడకు సెలైన్ కట్టారు.

"ఎన్నాళ్ళు కట్టేశారండి?"

"నాలుగు రోజులు."

"దాణా?"

సైసు చెప్పాడు. "కడుపు నిండా పెట్టానండి."

"ఆగిపోయాక ఎంత దూరం నడిపించారు?"

"మూడడుగులండి," అన్నాను.

సాయంత్రం నాలుగూ పది నిమిషాలకు లచ్చమ్మ పోయింది. సైసు దాని తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నడిపించలేదని, కొట్టానని, తప్పు నాదని అతనికి చెప్పాను. తల అడ్డంగా ఊపాడు.

"మీరేమన్నా అనండి. పెట్టిన చెయ్యి నాదండి."

మర్నాడు మేజరుగారికి అబద్ధం చెప్పిన సంగతితో సహా అంతా రాసిచ్చాను. మార్చిలో నన్ను తిరిగి నా పాత దళానికి పంపేశారు. మధ్యలో రెండు రోజులు ఇంట్లో ఆగాను. చిక్కిపోయావేంట్రా అంది అమ్మ.

ఆ తర్వాత మరో పదకొండేళ్ళు గుర్రాలెక్కాను. చాలాసార్లు పడ్డాను. అవేవీ కలలోకి రావు. వచ్చేది ఆ గట్టే. వెనక కాళ్ళు వంగడం లేదు. గిట్టలు బురదలో గీతలు గీస్తున్నాయి. నేను కొడుతున్నాను. లచ్చమ్మ ఒక చెవి నా గొంతు వైపు తిప్పి, చెప్పిన మాట వింటూ నడుస్తోంది.