చివరి చెక్కకు నీళ్లు

నా చిన్నప్పుడు బడిలో కొత్త ఇంగ్లీషు మాట నేర్చుకుంటే, దాన్ని ఎవరో ఒకరి దగ్గర వాడేదాకా నాకు నిద్ర పట్టేది కాదు. ‘లయన్స్ షేర్’ అనే మాట వినే వంతు మా పెద్దమ్మకు వచ్చింది.

పెదనాన్న పోయాక సేద్యం ఆవిడే చూసుకునేది. ప్రత్తిపాడు వైపు మా మిరప చేను పంటకాలవకు మొదట్లో ఉండేది. ఆ ఏడు నీళ్లు తక్కువ వదిలారు. పైవాళ్లు తడుపుకునేసరికి కాలవ అడుగంటేది. మా చేలో కలుపు తీసే ఒకావిడ కాలవ చివర చిన్న పొలం చెక్క కౌలుకు తీసుకుని, జన్మలో మొదటిసారి తనకంటూ పైరు పెట్టుకుంది. పూత రాలిపోతే ఆవిడ మళ్లీ కూలికి పోవాల్సిందే.

ఆ ఆదివారం నేను క్యారేజీ తీసుకుని వెళ్లేసరికి, మా చేనికి నీళ్లు పారే గండిని పెద్దమ్మ మట్టితో పూడ్చేసి, పక్కనే గట్టు మీద కూర్చుని ఉంది. చేను సగమే తడిసింది.

“ఏంటొదినా, మనది అవకుండానే కట్టేశావ్?” అని అక్కడే ఉన్న బాబాయి విసుక్కున్నాడు.

“మనది నాలుగు రోజులు ఆగుద్ది. చివరి చెక్క ఆగదు.”

“మనం వదిలితే మధ్యలోవాళ్లు లాక్కుంటారు.”

“నేను కట్టేసి కూర్చున్నాక ఎవడు తీస్తాడో చూద్దాం.”

నేను ఊరుకోలేదు. “ఇంగ్లీషులో లయన్స్ షేర్ అంటారు పెద్దమ్మా. సింహభాగం. ముందున్నాం కాబట్టి అది మనదే” అన్నాను.

“సింహానికి మిరపకాయలు కోసేవాళ్లు అక్కర్లేదులేవే. మనకి కావాలి. పో, నీళ్లు ఎందాకా వచ్చాయో చూసిరా.”

కాలవ వెంట నడిచాను. ఒకాయన పార పట్టుకుని తన గండి తీయబోతున్నాడు. పెద్దమ్మ మా గండి కట్టేసి కూర్చున్న సంగతి చెప్పాను. ఆయన పైకి, మా చేను వైపు కాసేపు చూసి, ఏదో గొణుక్కుంటూ పార భుజానేసుకున్నాడు.

చివరి చెక్కలో ఆకులు ముడుచుకుపోయి ఉన్నాయి. నీళ్లు వస్తుంటే ఆవిడ వంగి చేతులతోనే మట్టి పక్కకు లాగి దారిచ్చింది. మొదటి సాలు తడిసి నల్లబడ్డాక నా వైపు తిరిగి, “మీ చేను తడిసిందా పాపా?” అని అడిగింది.

ఆ ఏడు మా చేలో తడవని సగం కాస్త తక్కువే కాసింది. చివరి చెక్క మాత్రం ఎర్రగా పండింది.

నాకు ఇన్నేళ్లొచ్చాయి. ఈనాటికీ ఏది పంచినా, చివర ఉన్నవాళ్లకు అందిందో లేదో వెళ్లి చూసి వచ్చేదాకా నా వంతు ముట్టుకోలేను.