నాయనకు సీరియస్

కరోనా తర్వాత బస్సులు మళ్లీ పూర్తిగా తిరగడం మొదలైన ఏడాది వేసవిలో నన్ను చిత్తూరు బస్టాండులో కంట్రోలరుగా వేశారు. ఈ పని గురించి బయటివాళ్లకు అంతగా తెలియదు. బస్సు రాగానే సమయం రాసుకోవాలి, ప్లాట్‌ఫారం చూపించాలి, వేళకు పంపాలి. డ్రైవరుకు అత్యవసరం వస్తే విశ్రాంతి గదిలో ఉండే స్పేర్ డ్రైవరును ఎక్కించి, మొదటి డ్రైవరును డ్యూటీ నుంచి రిలీవ్ చేయాలి. హోదా చిన్నదే అయినా, స్టాండులో ఉన్నంతసేపు బస్సు మా మాట మీదే కదులుతుంది. ఎంక్వయిరీ ఫోను కూడా నా బల్ల మీదే ఉండేది.

మా మాటల్లో సగం ఇంగ్లీషే. బండి ఫెయిలైంది, సర్వీసు క్యాన్సిలు, వాడు డబల్ కొడుతున్నాడు. డబల్ అంటే ఒక డ్యూటీ దిగి వెంటనే ఇంకోటి ఎక్కడం. ఇంగ్లీషు మాట మన నోట పడ్డాక మన అర్థం తెచ్చుకుంటుంది. ‘ఫీలైనాడు’ అంటే నొచ్చుకున్నాడని. ‘సీరియస్ అయినాడు’ అంటే కోప్పడ్డాడని. ‘ఆయనకు సీరియస్‌గా ఉండాది’ అంటే మాత్రం ప్రాణం మీదికి వచ్చిందని. మా ప్రాంతంలో ఈ తేడా చిన్నపిల్లలకు కూడా తెలుసు.

మునిరత్నం తిరుపతి–చిత్తూరు సర్వీసు డ్రైవరు. తండ్రి చావుబతుకుల్లో ఉన్నాడని కబురు అందినా స్టీరింగు వదల్లేదని అతని గురించి మా స్టాఫులో ఇప్పటికీ చెప్పుకుంటారు. అది నిజం కాదు. జరిగింది ఇది.

అతనిది పూతలపట్టు దగ్గర పల్లె. పాత మామిడిచెట్లు కొట్టేసి వేరే పంట పెడదామని అతను, కుదరదని తండ్రి. మాటామాటా పెరిగి మునిరత్నం ఊరికి పోవడం తగ్గించాడు. టీ తాగేటప్పుడు మాతో నవ్వుతూ చెప్పేవాడు, “మా నాయన నామీద సీరియస్‌గా ఉండాడు సార్. ఇంటికి పోతే ఆ చెట్లకే కట్టేస్తాడు.”

తోతాపురి మామిడికాయల ట్రాక్టర్లు జ్యూస్ ఫ్యాక్టరీల ముందు రోడ్డు మీద బారులు తీరే రోజులవి. ఆ పూట వచ్చిన ప్రతి బస్సూ లేటే. ప్రయాణికులు నా కిటికీ ముందు గొడవ పడుతుండగా ఫోను మోగింది. మునిరత్నం చెల్లెలు రెడ్డెమ్మ. డ్యూటీ ఎక్కే ముందు డ్రైవర్లు సెల్లు డిపోలో అప్పజెప్పాలి కాబట్టి, అన్నకు ఫోను చేసినా లాభం లేదని ఇక్కడికి చేసింది. గొంతు వణుకుతోంది. “సార్, మా నాయనకు సీరియస్‌గా ఉండాది. మా అన్నను ఒకపారి వచ్చి పొమ్మని చెప్పండి సార్.” సరేనమ్మా అని పెట్టేశాను. ఏమైందని అడగలేదు.

మునిరత్నం బండి అప్పుడే ప్లాట్‌ఫారం వదులుతోంది. కిటికీలోంచే కేకేసి చెప్పాను, “మీ నాయన సీరియస్ అయినాడంట. వచ్చి పొమ్మంటా ఉండారు.”

“ఆయప్ప సీరియస్ కాని రోజు యాడుండాది సార్. ఆఫ్ రోజు పోయి తిట్లు తింటాలే” అని నవ్వి గేరు వేశాడు. నేనూ నవ్వాను. ఆ సమయంలో విశ్రాంతి గదిలో స్పేర్ డ్రైవరు ఖాళీగా ఉన్నాడు.

బస్సు పూతలపట్టు కూడలిలో జనాన్ని దించి తిరుపతి వైపు వెళ్లింది. రోడ్డుకు అవతల ఉన్న వాళ్ల ఊరి మనిషి ఒకతను, మునిరత్నం కండక్టరుతో నవ్వుతూ బండి నడపడం చూసి రెడ్డెమ్మ వాళ్లకు చెప్పాడు. తిరుపతిలో మునిరత్నం డ్యూటీ దిగి సెల్లు తీసుకునేసరికి తండ్రి పోయాడు.

కర్మ అయ్యాక అతను నా దగ్గరికి వచ్చాడు. కబురు తెలిసి కూడా రాలేదని చెల్లెలు బంధువులందరి ముందు అన్నదట. నువ్వు సరిగ్గా చెప్పి ఉంటే వచ్చేవాణ్ణి కదా అని ఇతను అన్నాడట. అడగాల్సింది ఒక్కటే అడిగాడు.

“సార్, నాయనకు అనిందా, నాయన అనిందా?”

ఆమె ‘కు’ అన్నది నాకు స్పష్టంగా గుర్తుంది. కానీ అత్యవసర కబురు అందినా డ్రైవరును రిలీవ్ చేయకపోతే చార్జి మెమో ఇస్తారు. సంజాయిషీ చెప్పుకోవాలి, పై పోస్టుకు నా పేరు వెళ్లే అవకాశం పోతుంది. “నాయన సీరియస్ అనే అనిందప్పా” అన్నాను. అతను తల ఊపి వెళ్లిపోయాడు. అన్నాచెల్లెళ్ల మధ్య మాటలు ఆగిపోయాయి.

ఆ తర్వాత నా బల్ల దగ్గరికి వచ్చిన ప్రతి కబురునూ ఎవరికి, ఏమైంది, ఎక్కడున్నారు అని అడిగి, తిరిగి చదివి వినిపించేవాణ్ణి. సారుకు ఫోను చేస్తే వాంగ్మూలం తీసుకుంటాడని కుర్ర కండక్టర్లు ఎగతాళి చేసేవాళ్లు. పద్ధతి బాగుందని పైవాళ్లు మెచ్చుకున్నారు. ఆ పద్ధతి ఎందుకు వచ్చిందో ఎవరికీ చెప్పలేదు.

గుండెకు స్టెంటు వేశాక, సర్వీసు మిగిలి ఉండగానే స్వచ్ఛందంగా రిటైరయ్యాను. ఇది రాసే ముందు తిరుపతిలో మునిరత్నం ఇంటికి వెళ్లి ఉన్నది చెప్పాను. అతను నన్ను తిట్టలేదు. “అప్పుడే చెప్పింటే ఆ పొద్దే పోయి రెడ్డెమ్మకు తప్పయిందని చెప్పేవాణ్ణి గదా సార్” అన్నాడు.

తర్వాత పూతలపట్టుకు పోయి రెడ్డెమ్మకూ చెప్పాను. ఆమె వాకిట్లో వేరుశనక్కాయలు ఒలుస్తోంది. చెయ్యి ఆపలేదు.

“నేనేమన్నానో నాకు తెలుసు సార్. మీరు చెప్పాల్సిన పని లేదు. మా అన్నకు చెప్పినారా?”

చెప్పానన్నాను.

“అయితే ఇంక ఆయన్నే రానీండి.”

నేను ఇది రాసే నాటికి అతను ఇంకా వెళ్లలేదు.

మాటల్లో ఇంగ్లీషు కలపడం వల్లే ఇదంతా జరిగిందని కొన్నాళ్లు నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అది కుదరదు. ఆ మాటకున్న రెండు అర్థాలూ నాకు ముందే తెలుసు. ఏమైందని రెడ్డెమ్మను అడగకపోవడం పని ఒత్తిడిలో జరిగిన పొరపాటు. మునిరత్నం వచ్చి అడిగినప్పుడు స్టాండులో బస్సు లేదు, కిటికీ ముందు ఎవరూ లేరు, ఫోను మోగలేదు.