వెల్లుల్లి రుద్దిన రేకు

ఆంట్‌వెర్ప్ నగరంలో చిత్రకారులకు రాగి రేకులు సిద్ధం చేయడం డిగ్నా పని. భర్త పోయాక అతని పీట మీదే కూర్చుంది. రేకును ఇటుక పొడితో తోమి గరుకు చేసి, చివరికి కోసిన వెల్లుల్లి రెబ్బలతో అంతటా రుద్దేది. ఆ రసం పట్టిస్తేనే నూనె రంగు రాగికి అంటుకుంటుంది. లేకపోతే కొన్నాళ్లకే పెచ్చులుగా లేచిపోతుంది. ఆమె రేకు మీద రంగు లేచిందని ఇంతవరకు ఎవరూ అనలేదు. ఆ పేరుతోనే ఆమె బతుకుతోంది.

ఆ చలికాలంలో సిపాయిలు పల్లెల మీద పడ్డారు. ఆడపడుచు బెర్బెల్ కట్టుబట్టలతో వచ్చి డిగ్నా గుమ్మంలో కూలబడింది. అప్పుడు పీట మీద ఉన్నది గోరిస్ అనే చిత్రకారుడి రేకు. డిగ్నా పని అక్కడే వదిలి ఆమె దగ్గరికి పరిగెత్తింది. మర్నాడు గోరిస్ మనిషి వచ్చి రేకు పట్టుకుపోయాడు.

గోరిస్ దాని మీద దోపిడీ బొమ్మే వేశాడు. తగలబడుతున్న కొట్టం, ఆవును లాక్కుపోతున్న సిపాయి, మంచులో ఉత్త కాళ్లతో పిల్లలు. దాన్ని కొన్న వర్తకుడి ఓడ ఇంకో నెలకు బయల్దేరుతుందనగా వదినామరదళ్లు బొమ్మ చూడడానికి గోరిస్ దగ్గరికి వెళ్లారు.

బెర్బెల్ చాలాసేపు చూసింది.

"ఆవు సరే, వెన్న చిలికే కుండ ఏదీ? మా ఇంట్లో అది కూడా వదల్లేదు వెధవలు. ఆ రోజు ఎంత ఆకలేసిందో వదినా, నీ పీట మీది వెల్లుల్లి కూడా నమిలేశాను."

డిగ్నా చప్పున బొమ్మ వైపు తిరిగింది. రేకుకు వెల్లుల్లి రుద్దిందో లేదో ఎంత ఆలోచించినా గుర్తుకు రాలేదు. ఊరుకుంటే ఎవరికీ తెలియదు. బొమ్మ ఏ దూరదేశంలోనో పెచ్చులూడుతుంది.

"అయ్యగారూ, ఈ బొమ్మ పంపకండి. రేకుకు వెల్లుల్లి రుద్దానో లేదో నాకే తెలీదు."

"చలికాలమంతా ఈ బొమ్మ పని మీదే కూర్చున్నాను!" గోరిస్ అరిచాడు. " మీ ఆడపడుచు నా బొమ్మను కూరలో వేసుకుని తిన్నదా?"

"కూర కూడానా? ఒక్క రెబ్బ!" బెర్బెల్ గయ్‌మంది. "అదైనా రుచిగా ఉందా? రాగి గిన్నె నాకినట్టుంది. కోసిన వైపంతా అరిగిపోయి, నల్లటి మసి కూడానూ!"

డిగ్నా ఆమె చెయ్యి పట్టుకుంది. "అరిగిపోయి ఉందా? మిగతా రెబ్బలేవీ?"

"మిగతావి ఎక్కడున్నాయి? అన్నీ అరిగి పొట్టే మిగిలింది."

"రుద్దేశానే! రుద్దగా మిగిలింది తిన్నావు!" డిగ్నా ఉన్నచోటే చతికిలబడి నవ్వసాగింది. కళ్లు తుడుచుకుంటూ కూడా నవ్వింది.

మాట మీద నమ్మే రకం కాదు గోరిస్. చట్రం ఊడదీసి, దాని కింద దాగి ఉన్న అంచును గోటితో గీరాడు. ఆ తర్వాత కత్తి మొనతో గీరాడు. సన్నటి గీత పడిందంతే, రంగు లేవలేదు.

"పట్టింది," అని గట్టిగా ఊపిరి వదిలి, సన్న కుంచె అందుకున్నాడు. "ఏమమ్మా, ఆ వెన్న కుండకు మూత ఉండేదా?"