తుప్పు పట్టని కత్తి

తుప్పు లేని కత్తితో తెగితే ధనుర్వాతం సూది అక్కర్లేదని ఆర్మూరు అంగట్లో కత్తులమ్మేవాడు నాకు అబద్ధం చెప్పాడు. నేను డెబ్బై దాటినవాడిని, బడికి పోకుండానే పేపర్లు పట్టుకుని చదువు నేర్చుకున్నవాడిని, అయినా నమ్మాను.

నమ్మడానికి కారణం ఉంది. నా చిన్నతనంలో పక్క చేని జీతగాడు తుప్పు కొడవలితో కాలు కోసుకున్నాడు. కొన్ని రోజులకే దవడలు బిగుసుకున్నాయి. వాళ్లమ్మ చెంచాతో పోసిన నీళ్లు పళ్లు దాటి లోపలికి పోలేదు. గడ్డం మీదుగా కారిపోయాయి. చూశాను. అప్పటినుంచి తుప్పంటే నాకు వణుకు.

నా పాత కత్తి లారీ కమాన్ పట్టీని కాల్చి కమ్మరి కొట్టిచ్చినది. కార్బన్ ఉక్కు. సానరాయి మీద నాలుగుసార్లు రుద్దితే చాలు, చేతి మీది వెంట్రుకలు గొరిగేది. కానీ పచ్చి పసుపు తగిలితే పూటకే నల్లబడేది, తుడవకపోతే తెల్లారేసరికి ఎర్రటి చుక్కలు. నలభై ఏళ్లు దానికి నూనె రాశాను. ఈ మధ్య మతిమరుపు వచ్చింది. ఒక్క రోజు తుడవడం మరిస్తే?

“గిది స్టెయిన్‌లెస్ కాకా, అడవిల తిరిగెటోళ్లు నడుముకు కట్టుకునేది. నీళ్లల్ల పడేసినా మెరుస్తది. తెగినా సూదీ గీదీ అక్కర్లే,” అన్నాడు వాడు. పాతది వాడి దగ్గరే పడేసి ఇది తెచ్చుకున్నాను.

పసుపు తవ్వే రోజుల్లో గడ్డలకు అంటుకున్న ఆకుల మొదళ్లు కోస్తుంటే, మట్టి తగిలి తగిలి మధ్యాహ్నానికే దాని పదును పోయింది. నా రాయి దాని మీద జారిందే తప్ప పట్టలేదు. మొద్దు కత్తిని బలంగా నొక్కాను. జారి ఎడమ అరచేతిలో దిగింది. మా దగ్గర అందరూ చేసేదే నేనూ చేశాను: అప్పుడే తవ్విన పసుపు కొమ్మును నలిపి గాయంలో కుక్కి గుడ్డ కట్టాను. మెరిసే కత్తే కదా, సూది ఎందుకు?

నాలుగో రోజు తింటుంటే దవడ పట్టేసినట్టనిపించింది. ఆ జీతగాడి నోరు కళ్లముందుకొచ్చింది. మాటిమాటికీ నోరు తెరిచి, వేళ్లు పెట్టి చూసుకున్నాను.

“ఏందయ్యా, పొద్దటిసంది బర్రె నెమరేసినట్టు చేస్తున్నవ్?” అంది నా భార్య. సంగతి చెప్పాక ఆమె నవ్వు ఆగిపోయింది. “కత్తులమ్మెటోడు డాక్టరా? నడువ్ దవాఖానకు!”

డాక్టరమ్మ కట్టు విప్పి మట్టి కడుగుతుంటే, చిన్నప్పటినుంచి లోపల దాచుకున్న ప్రశ్న బయటపడింది. “ఏ కత్తి కొనాలె బిడ్డా? ఇనుపదా, స్టీలుదా? దేనితో తెగితే దవడ పట్టది?”

ఆమె నా నోరు తెరిపించి, దవడ నొక్కి చూసింది.

“తాతా, గా రోగం తుప్పుల ఉండది, మట్టిల ఉంటది. ఏ కత్తితో తెగినా గంతే. పదునుండేది కొనుక్కో. మట్టి పసుపును నువ్వే గాయంల పెట్టుకున్నవ్. ఇప్పుడైతే నోరు మంచిగనే తెరుచుకుంటున్నది, సూది ఇస్తున్న. కానీ మూడు వారాలు దాటేదాక నేనేం చెప్పలేను. జర బిగిసినా ఆగకుండ రా.”