జాకెట్లక్కకు మూడో నెల

జాకెట్లక్క పొద్దున్నే చేసే మొదటి పని మేజోళ్ళు తొడుక్కోవడం. కూర్చుని కాదు, పడుకునే. వెల్లకిలా పడుకుని ఒక్కో మోకాలూ గుండెల దాకా లాక్కుని, గుడ్డిగా వేళ్ళతో తడుముకుంటూ ఎక్కిస్తుంది. తర్వాత పక్కకు ఒత్తిగిల్లి, మంచం కోడు పట్టుకుని, పళ్ళు బిగించి లేస్తుంది. ఇదంతా భర్త కళ్ళు తెరిచేలోపే జరిగిపోవాలి. ఆమె వంగలేకపోవడం ఆయన కంటపడితే అడుగుతాడు. అడిగితే చెప్పాలి. చెబితే ‘పద, మన ఊరికి పోదాం’ అంటాడు.

ఆమె అసలు పేరు ఆ పరాయి దేశపు అపార్టుమెంట్లలో ఎవరికీ తెలియదు. అక్కడుండే తెలుగువాళ్ళకి ఆదివారాలు జాకెట్లు కుట్టిపెడుతుంది కాబట్టి పెద్దాచిన్నా అందరికీ జాకెట్లక్కే. మిగతా వారమంతా ఆల్టరేషన్ షాపులో పని. చెప్పులు బాగుచేసే కొట్టుకీ లాండ్రీకీ మధ్య ఇరుక్కున్న షాపు అది. కిటికీ కింద మిషన్, దాని ముందు వీపు ఆనించుకునే వీలులేని స్టూలు, వెనక ఇస్త్రీ బల్ల, గోడ పొడవునా కమ్మీకి వేలాడే కోట్లూ ప్యాంట్లూ. యజమానురాలు కళ్ళద్దాలకి గొలుసు కట్టి మెడలో వేసుకుంటుంది. అక్క ఇంట్లో ఆమె గురించి చెప్పేటప్పుడు ‘కళ్ళద్దాలావిడ’ అంటుంది.

ఆ షాపు పేరు మీదే అక్కకి ఈ దేశంలో ఉండే పర్మిట్. అక్క పేరు మీద ఆమె భర్తకీ, బడికెళ్ళే కూతురికీ. ఇల్లంతా ఆ స్టూలు మీదే కూర్చుని ఉన్నట్టు లెక్క.

ఇక్కడి భాష ఆమెకు షాపు మేరకే వచ్చు. నడుము, భుజం, తుంటి, పొడుగు, పొట్టి, లోపలికి, బయటికి, రేపు, సారీ. వీటితో బట్టల పని నడిచిపోతుంది. మనుషులతో పనికి మాత్రం ఆమె దగ్గర ఒకటే ఆయుధం. తలూపడం. అర్థమైనా ఊపుతుంది, కాకపోయినా ఊపుతుంది.

నడుం నొప్పి పట్టుకున్న కొత్తలో ఎవరికీ చెప్పకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళింది. కుర్ర డాక్టరు వెన్ను నొక్కి చూసి, కంప్యూటరు వైపు తిరిగి గడగడా ఏదో చెప్పాడు. ఆ వరదలో ఆమె చేతికి చిక్కింది ఒక్క మాట. ‘ప్లేట్లు’.

ఊళ్ళో పిన్ని కాలికి ప్లేట్లు వేశారు. ఆ తర్వాత ఆవిడ ఏనాడూ నేలమీద కూర్చోలేదు. కాలికి వేస్తేనే అలా అయితే వెన్నుకి వేస్తే? డాక్టరు ‘సరేనా?’ అన్నట్టు చూశాడు. అక్క తలూపి బయటికొచ్చింది. మళ్ళీ ఆ వీధి వైపు వెళ్ళలేదు. బస్సులో, మిషన్ మీద, వంటింట్లో, ఎక్కడున్నా వెన్నులో ఇనప రేకులు చల్లగా తగులుతున్నట్టే ఉండేది.

నొప్పి కాలిలోకి దిగింది. గంటకోసారి స్టూలు మీంచి లేచి గోడకు చేరగిలబడడం కళ్ళద్దాలావిడ చూడనే చూసింది. అక్కకి తెలిసిన మాటలే ఏరుకుని, నెమ్మదిగా చెప్పింది.

“నడుము బాగు, మిషన్ నీది. నడుము బాగు కాదు, మిషన్ ఇంకొకరిది. సెలవులు వచ్చేదాకా చూస్తా.”

ఈ మాట ప్రతి అక్షరమూ అర్థమైంది.

ఆ ఆదివారం పైఅంతస్తులో ఉండే సాఫ్ట్‌వేర్ అమ్మాయి జాకెట్టు పట్టుకుని దిగింది.

“అక్కా, సైడ్లు కాస్త పట్టించవా? లూజయిపోయింది.”

“చిక్కావేంటమ్మా? ఒంట్లో బాగుంటోందా?”

“బ్రహ్మాండంగా ఉంది. పిలాటీస్‌కి వెళ్తున్నా కదా. నడుం నొప్పి అంటే డాక్టరే చెప్పింది.”

అక్క చేతిలో టేపు జారిపోయింది.

“నీకూ ప్లేట్లు వేశారా తల్లీ! ఈ వయసులోనా? ఎక్కడ కోశారు?”

“కొయ్యడమేంటక్కా?”

“దాచకు. నాకూ అదే చెప్పాడు డాక్టరు. ప్లేట్లు వేయించుకోమని.”

ఆ అమ్మాయి పకపకా నవ్వుతూ మంచం మీద కూలబడింది. “ప్లేట్లు కాదక్కా, పి-లా-టీస్! చాప మీద పడుకుని చేసే కసరత్తు. ఇన్నాళ్ళూ ఇనప రేకులనుకుని భయపడ్డావా?”

“నవ్వించకే, నవ్వితే నడుం పట్టేస్తుంది,” అంటూనే అక్క నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. పోయిన ప్రాణం లేచొచ్చినట్టయింది. అయితే దాంతోపాటే ఇంకో సంగతీ తెలిసొచ్చింది. మందు ఎదురుగా ఉండగా నెలలు వృథా చేసుకుంది. సెలవులు దగ్గర పడుతున్నాయి.

ఆ అమ్మాయి వెళ్ళే క్లాసు ఆఫీసు పక్కన. మిట్టమధ్యాహ్నం. అక్కకి కుదరదు. ఇద్దరూ ఫోను ముందేసుకుని కూర్చున్నారు. ఒకచోట కొత్తవాళ్ళకి ఖాళీ లేదు. ఒకచోట వచ్చే సీజనుకు రమ్మన్నారు. ఒకచోట చేర్చుకుంటామన్నారు గానీ, నొప్పి కాలిలోకి దిగిందని అమ్మాయి నోరు జారగానే, అంత నొప్పి ఉన్నవాళ్ళని తీసుకోం అన్నారు.

“నొప్పి లేనివాళ్ళకి ఎందుకే ఈ క్లాసు?” అంది అక్క.

“సన్నబడడానికక్కా.”

“సన్నబడినవాళ్ళ జాకెట్లు మళ్ళీ నేనే పట్టించాలి. చూడు నా ఖర్మ.”

మరికొన్ని చోట్లకి తనే నడిచి వెళ్ళింది. అద్దాల గోడల వెనక స్ప్రింగులు బిగించిన బల్లలు కనిపించేవి. గుమ్మంలో కూర్చున్న పిల్ల ఏదో అడిగేది. అక్క తలూపేది. ఆ పిల్ల మళ్ళీ అడిగేది. అక్క మళ్ళీ ఊపేది. చివరికి ఇద్దరూ సారీ చెప్పుకుని విడిపోయేవారు.

ఒక సాయంత్రం షాపు నుంచి వస్తుంటే, లైబ్రరీ పక్కనున్న హాల్లోకి చాపచుట్టలు చంకన పెట్టుకుని ఆడవాళ్ళు వెళ్తున్నారు. అక్క ఆలోచించలేదు. వాళ్ళ వెనకే దూరిపోయింది. లోపల మసక దీపాలు. నెరిసిన జుట్టు ముడి చుట్టుకున్న టీచరు చెప్పుల్లేకుండా ఎదురొచ్చి, నవ్వుతూ ఏదో అడిగింది. అక్క తలూపింది. టీచరు ఇంకేదో అడిగింది. అందులో ‘నెలలు’ అన్న మాట పర్మిట్ ఆఫీసు పుణ్యమా అని అక్కకి తెలుసు. ఎన్ని నెలల నుంచి నొప్పి అని కాబోలు. మూడు వేళ్ళు చూపించింది.

టీచరు రెండు బుగ్గలమీదా చేతులు పెట్టుకుని మురిసిపోయింది. చాపా, దిండ్లూ స్వయంగా తెచ్చి పరిచింది. అక్క పడుకుని అటూ ఇటూ చూసింది. అటు పొట్ట. ఇటు పొట్ట. హాలు నిండా పొట్టలే. అంతా కడుపుతో ఉన్నవాళ్ళే.

ముఖం కందగడ్డయింది. లేచి పోదామనుకుంది. సరిగ్గా అప్పుడే టీచరు ఆమె మోకాళ్ళ కింద దిండు సర్దింది. వెన్ను నేలకు ఆనింది. నెలల తరబడి పీకుతున్న తీగని ఎవరో వదిలేసినట్టు, నొప్పి సడలింది.

అక్క లేవలేదు.

టీచరు మెల్లగా చెబుతోంది. భుజం, కిందికి. నడుము, లోపలికి. తుంటి, బయటికి. అన్నీ షాపు మాటలే. ఈ దేశం వచ్చాక ఒక మనిషి వరసగా మాట్లాడుతూ ఉంటే ఒక్క మాటా పోకుండా అర్థం కావడం ఆమెకి అదే మొదటిసారి. ‘నడుము లోపలికి’ అంటే ప్యాంటు నడుము పట్టించినట్టే పట్టించింది.

మర్నాడు మిషన్ మీద మధ్యాహ్నం దాకా లేవకుండా కుట్టింది. కళ్ళద్దాలావిడ కళ్ళద్దాల మీంచి చూసి తన పనిలో పడింది.

ఆ తర్వాత మానడం అక్క వల్ల కాలేదు. కాకపోతే వారాలు గడిచేకొద్దీ అందరి పొట్టలూ పెరుగుతున్నాయి, తన పొట్ట పెరగడం లేదు. టీచరు ఒకరోజు ఆమెని పక్కనుంచి చూసి కాస్త బెంగగా ముఖం పెట్టింది. ఇక పొట్ట ఉండి తీరాలని అక్కకి అర్థమైంది. షాపులో పాత కోట్లు ఇచ్చేవాళ్ళు చాలామంది భుజాల్లో మెత్తలు తీసెయ్యమంటారు. ఆ మెత్తలు సంచీ నిండా మూలన పడున్నాయి. వాటిని పొరలు పొరలుగా పేర్చి, లైనింగు గుడ్డ తొడిగి, ఎలాస్టిక్కూ కొక్కేలూ పెట్టి పొట్ట కుట్టింది. ట్రయల్ గదిలో అద్దం ముందు నిలబడి చూసుకుంది. ఫిటింగు అద్భుతంగా వచ్చింది. ఇంత మంచి పని ఎవరికీ చూపించుకునే రాత లేదు.

చూసినవాడు భర్త. కూతురి పుస్తకం కోసం సంచీ వెతుకుతుంటే చేతికి తగిలింది.

“ఇదేమిటే?”

“కోటు మెత్తలు.”

“కోటుకి పొట్ట దగ్గర మెత్తలెందుకు?”

ఇక దాచి లాభం లేదని అక్క మొదటి నుంచీ చెప్పింది. డాక్టరు, ప్లేట్లు, కళ్ళద్దాలావిడ, మూడు వేళ్ళు. ఆయన ఆ పొట్టని ఒళ్ళో పెట్టుకుని విన్నాడు.

“అయితే పురుడు కూడా అక్కడే పోసుకుంటావా? బారసాలకి నన్ను పిలుస్తావా, లేదా?”

“ఎగతాళి చెయ్యకండి. అంతదాకా రాదు. ఈలోపు నడుం గట్టిపడుతుంది.”

“గట్టిపడకపోతే?”

ఆమె సంచీలోంచి కూతురి పుస్తకం తీసి పక్కన పెట్టింది.

“నాకెందుకు చెప్పలేదే?”

“చెబితే వెళ్ళిపోదాం అంటారు.”

“అంటాను. ఎందుకనను? నీ నడుం విరగ్గొట్టుకుని మమ్మల్ని ఇక్కడ ఉంచమని ఎవరడిగారు?”

“చిన్నది ఇప్పుడిప్పుడే బళ్ళో నోరు విప్పుతోందండీ. మళ్ళీ ఎక్కడికి తీసుకుపోతాం? అక్కడ మాత్రం మనకేముంది?”

ఆయన ఆ మెత్తని సంచీలో పెట్టేశాడు. మర్నాటి నుంచి నీళ్ళ బకెట్టు ఆమెను ముట్టుకోనివ్వలేదు. ఆ జాలికే ఆమెకి ఎక్కువ భయం వేసింది. ఆయన మనసులో సామాను సర్దేస్తున్నాడని తెలుస్తూనే ఉంది.

సెలవుల ముందు షాపుకి ఒక కంపెనీ యూనిఫాం కోట్లు గుట్టగా వచ్చిపడ్డాయి. అక్క స్టూలు దిగలేదు. కుట్టింది, కుట్టింది, ఒక మధ్యాహ్నం కిందపడిన దారపు బాబిను తీద్దామని వంగి అలాగే ఉండిపోయింది. ఇంటికి ఇద్దరు పట్టుకుని తీసుకొచ్చారు. రెండు క్లాసులు పోయాయి. కళ్ళద్దాలావిడ ఫోను చేసి ఒక్క మాటే అడిగింది. “మిషన్?” అక్క అలవాటుగా తలూపింది. ఫోనులో తలూపితే కనబడదు.

మూడో క్లాసుకి కాలు ఈడ్చుకుంటూ వెళ్ళింది. నడుం చుట్టూ ఎలాస్టిక్ తగిలితేనే కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి. మెత్త కట్టుకోలేకపోయింది. పైన కోటుంది కదా, మూలన పడుకుంటే ఎవరు చూస్తారనుకుంది. హాలు వెచ్చగా ఉంది. టీచరు పరుగున వచ్చి, తనే ప్రేమగా కోటు విప్పింది.

చదునైన పొట్ట చూసి టీచరు చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. రాని రెండు వారాలు, ఈడుస్తున్న కాలు, పాలిపోయిన ముఖం, అన్నీ కలుపుకుంది కాబోలు. గట్టిగా కావలించుకుని ఏడ్చేసింది. “బేబీ... బేబీ...” అంటోంది. చాపల మీదున్న ఆడవాళ్ళు తెలియకుండానే తమ పొట్టలమీద చేతులు వేసుకున్నారు.

అక్క చెయ్యవలసింది ఒక్కటే. తలూపడం. ఊపితే చాలు, వీళ్ళు దిండ్లు తెస్తారు, పక్కన కూర్చుంటారు, ఇక ఎప్పటికీ పొమ్మనరు. జీవితమంతా ఊపిన తలే.

ఊపలేకపోయింది. టీచరు కన్నీళ్ళు ఆమె మెడమీద వెచ్చగా దిగుతున్నాయి.

“లేదు,” అంది. “బేబీ లేదు. ముందు కూడా లేదు.” భుజం తట్టి, పొట్ట తట్టి చూపించింది. “గుడ్డ. భుజం గుడ్డ. నడుము బాగు కాదు. మిషన్. సారీ.”

ఎవరో కిసుక్కున నవ్వారు. ఒకావిడ చాప చుట్టుకుని విసవిసా వెళ్ళిపోయింది. టీచరు చేతులు కిందికి జారాయి. కళ్ళు తుడుచుకుని, ఒక్కో మాటా విడదీసి చెప్పింది. ఈ క్లాసు, బేబీ ఉన్నవాళ్ళకి. నువ్వు, కాదు.

“నేనెక్కడికి పోనమ్మా?” అంది అక్క తెలుగులోనే. ఎవరికీ అర్థం కాలేదు.

బయట వరండాలో బెంచీ మీద కూర్చుంది. వెళ్ళిపోదామనే అనుకుంది గానీ లేవడం చేతకాలేదు. లోపల భుజం కిందికి, నడుము లోపలికి అంటున్న మాటలు వినబడుతున్నాయి. క్లాసయ్యాక అందరూ ఆమెని చూడనట్టు నటిస్తూ దాటిపోయారు. చివరికి టీచరు వచ్చింది. నవ్వలేదు. చెయ్యి పట్టి లేపి, ఖాళీ హాల్లో పడుకోబెట్టి, ఇంట్లో చేసుకోవలసినవి కొన్ని చేయించింది. తప్పు చేస్తే వేలితో సరిచేసింది. తర్వాత రోజంతా ఎలా కూర్చుంటావో చూపించమంది. అక్క వంగి, లేని మిషన్‌ని తొక్కి చూపించింది.

“కూర్చోవడం తక్కువ,” అంది టీచరు. “నిలబడు.”

దిండ్లు బీరువాలో పెట్టి దీపాలు ఆర్పింది. మళ్ళీ రమ్మనలేదు.

మర్నాడు అక్క షాపులోకి వెళ్ళి స్టూలు వైపు నడవలేదు. ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడింది.

“కూర్చోవడం సగం. నిలబడడం సగం. ఇస్త్రీ నాది, పిన్నులు నావి,” అంది.

“మిషన్?” అంది కళ్ళద్దాలావిడ.

“పొద్దున్న మీరు. తర్వాత నేను.”

ఆవిడ ఇంతెత్తున లేచింది. మిషన్ మనిషి కావాలంది, ఇస్త్రీ మనిషి కాదంది, ఇంకా ఏమేమో అంది. అక్క దేనికీ తలూపలేదు. ఇస్త్రీపెట్టె పట్టుకుని అలాగే నిలబడింది. పెట్టె ఆవిరి కక్కుతోంది. వీధి తలుపు గంట మోగింది. ఎవరో కోటు తెచ్చారు. కళ్ళద్దాలావిడ గొణుక్కుంటూ వెళ్ళి స్టూలు మీద కూర్చుంది.

ఇప్పుడు జాకెట్లక్క మధ్యాహ్నం దాకా నిలబడి ఇస్త్రీ చేస్తుంది, ఆ తర్వాత మిషన్ మీద కూర్చుంటుంది. ఆదివారాలు జాకెట్లు కుట్టడం మానేసింది. పర్మిట్ మరో ఏడాదికి పొడిగించారు. పిలాటీస్ క్లాసు ఇంకా దొరకలేదు.